గాలి వంతు

గాలి ఊపందుకునేసరికి గాలిమర ఆగిపోయింది.

కుళాయిలో నీళ్లు వచ్చాయని బిందె పక్కకు లాగేసినవాణ్ణి మీరెక్కడైనా చూశారా? ఎండ కాసిందని ఆరేసిన బట్టలు లోపలికి తెచ్చుకున్నవాణ్ణి? చూసి ఉండరు. గాలి వచ్చిందని గాలిమరను ఆపేసేవాళ్లు మాత్రం ఉన్నారు. వాళ్ల సంగతి వినండి. పనిలోకి పిలిచే సైరను మోగేలోపు అయిపోతుంది. చదువుకునే పిల్లలూ వినండి. ఇది పరీక్షలో రాదు, పరీక్ష పాసయ్యాక పనికొస్తుంది.

ఆ మర ఉన్నది ఒక కొండకొమ్ము మీద. తరతరాలుగా కాళ్లు తొక్కి తొక్కి రాయిలా గట్టిపడిన కళ్లం అది. ఇప్పుడు దాని చుట్టూ కంపెనీవాళ్లు వేసిన ఇనపకంచె. కంచెకు గేటు, గేటుకు కావలి ఈలగాడు. మెళ్లో ఇత్తడి ఈల వేలాడుతుంది కనక ఆ పేరు. అమ్మానాన్న పెట్టిన పేరు అతనికే గుర్తు చేయాల్సి వచ్చేది.

ఆ పొద్దున అతని అక్క, ఇంకో ఇద్దరు ఆడవాళ్లు కంచె సందులోంచి దూరి కళ్లం మీదికి వచ్చారు. నెత్తిన గంపల్లో నూర్చిన జొన్నలు, పొట్టుతో సహా. ఈలగాడు చూసీ చూడనట్టు అటు తిరిగి నిలబడ్డాడు. అక్క కుప్ప పోసింది. చేటలోకి తీసుకుంది. సరిగ్గా అప్పుడే సూపర్‌వైజరు జీపు గేటులోకి వచ్చింది. ఎండైనా నీడైనా నల్లద్దాలు తీయని మనిషి అతను, అందుకని అందరూ నల్లద్దాలనే అంటారు. నోట్లో ఏదో పండు నములుతూ, గింజలు కిటికీలోంచి ఉమ్ముతూ దిగాడు.

"ఏరా, మెళ్లో అది నగ అనుకున్నావా? ఊదు."

ఈలగాడు ఊదాడు. జీతం ఇచ్చేది అందుకే. పొడుగ్గా ఊదాడు.

ఆ ఈల వినగానే అక్క చేట పైకెత్తింది.

పారిపోవాల్సిన మనిషి చేటెందుకు ఎత్తిందంటే, ఆ కళ్లం మీద ఈల మోగితే గాలి వస్తోందని అర్థం. పుట్టిన దగ్గర్నుంచీ ఆమె చెవులు నేర్చిన చదువు అదొక్కటే. చేతులు వాటంతట అవే లేచాయి. జొన్నలు సన్నటి ధారగా జారాయి, పొట్టు తెరలా లేచింది. ఒక్క క్షణం, నిజంగా ఒక్క క్షణం, ఆమె తమ్ముడి వైపు తిరిగి నవ్వింది కూడా. వాడు తన కోసమే ఊదాడనుకుంది.

నల్లద్దాలు డ్రైవరుకు వేలు చూపించాడు. జీపు వెనక్కి తిప్పుకోవడానికి అంత కళ్లమూ ఉంది. డ్రైవరు మాత్రం కుప్ప మీదుగానే పోనిచ్చి, కుప్ప మీదుగానే వెనక్కి తెచ్చాడు. మర మొదట్లో కారిన నల్లనూనె ఎప్పుడూ మడుగు కట్టి ఉంటుంది. చక్రాలు జొన్నల్ని ఆ మడుగులోకి ఈడ్చుకుపోయాయి. ఒక ఏడాది చెమట, జిడ్డు కారుతూ, కంపు కొడుతూ, టైరు గీతల్లో అతుక్కుని కనిపించింది.

పైన మర కీచుమంది. రెక్కలు ఒళ్లు తిప్పుకుని నెమ్మదించాయి, నిలిచిపోయాయి. గాలి మాత్రం చెవులు కోసేస్తోంది.

అక్క మోకాళ్ల మీద కూచుని నూనెలోంచి గింజలు ఏరుతోంది. తలెత్తి ఆగిన రెక్కల్ని చూసింది. "గాలి వీస్తుంటే చేట దించేశాడేంటి వీడు?" అంది, ఎవరితోనూ కాదు. నల్లద్దాలకు అర్థం కాలేదు. ఈలగాడికి అర్థమైంది గానీ, ఆ పూట ఏదీ అర్థం కాకుండా ఉంటేనే మేలనిపించింది. ఈల మొన పెదవికి తగిలిన చోట ఏదో కుళ్లినదాన్ని కొరికినట్టుంది. ఎన్నిసార్లు ఉమ్మినా పోలేదు.

*

ఆ కొమ్ము మీద గాలి సంగతి చెప్పాలి. నమ్మితే నమ్మండి. అక్కడ కోడి గుడ్డు పెడితే పక్క పేటలో దొరికేది. కాకి ఎదురుగాలికి ఎగరడం మొదలుపెడితే పూటంతా రెక్కలాడించి, సాయంత్రానికి బయల్దేరిన కొమ్మ మీదే వాలేది, దేశమంతా చూసొచ్చినంత గర్వంగా. మగాళ్లకు మీసం ఒక పక్కకే పెరిగేది. పిల్లలు నడక నేర్చేటప్పుడే ముందుకు వంగి నేర్చేవాళ్లు. పట్నం పోయి గాలిలేని వీధిలో నడవబోతే బోర్లా పడేవాళ్లు. ఇందులో అబద్ధం ఉంటే కోడిగుడ్డు దగ్గర ఉందేమో, మిగతాదంతా నిజం.

కొమ్ము దిగువన ఎక్కడ తూర్పారబట్టినా లాభం లేదు. గాలి చెట్లకూ గోడలకూ కొట్టుకుని సుళ్లు తిరుగుతుంది. ఎగిరిన పొట్టు తిరిగొచ్చి గింజలోనే పడుతుంది. కళ్లం మీద మాత్రం గాలి చీలకుండా వస్తుంది. అదీ ఏడాదంతా కాదు, కోతలకూ వానలకూ మధ్య కొన్ని వారాలే. అందుకే పేటవాళ్లు గాలిని వంతులు వేసుకున్నారు. భూమి ఉన్నవాడికీ లేనివాడికీ, కౌలుకు చేసినవాడికీ కూలికి తెచ్చుకున్నవాడికీ, అందరికీ ఒకటే వరస. కుప్ప అయిపోయేదాకా వంతు.

నియమం ఒక్కటే. గాలి పడిపోతే చేట దించొచ్చు, తప్పు లేదు. గాలి వీస్తుండగా చేట దించితే వంతు పోయినట్టే. వెనకవాళ్లు గంప తెచ్చి ముందు పెట్టేస్తారు, పోట్లాట ఉండదు. ఒకసారి పేట పెద్దాయన చుట్ట ముట్టించుకోవడానికి చేట దించాడు. ఆ గాలికి నిప్పు అంటుకోలేదు. అంటుకునేసరికి ఆయన వంతు మూడిళ్లు దాటిపోయింది. పెద్దాయన చుట్ట పీల్చుకుంటూ వరస చివరికి వెళ్లి కూచున్నాడు.

గాలి వచ్చేది ముందుగా చూడ్డానికి ఒక మనిషి ఉండేవాడు. కొమ్ము అంచున కూచుని, ఎదుటి వాలు మీద గడ్డి పడుకోవడం చూసి ఈల వేసేవాడు. ఒక పొడుగుది, ఒక పొట్టిది, మళ్లీ పొడుగుది. ఈలగాడి నాన్న చేసిన పని అదే. చనిపోయేముందు ఈల కొడుకు మెళ్లో వేసి, ఊదేముందు తుడుచుకోరా అని మాత్రం చెప్పాడు. అంతకంటే పెద్ద మాటలు ఆయనకు రావు.

అప్పుడు కంపెనీవాళ్లు వచ్చారు. చొక్కాలు ఇస్త్రీ, చెప్పులు మెత్తన, మాటలు ఇంకా మెత్తన. మాకూ కాస్త గాలి కావాలి అన్నారు. పేటవాళ్లకు అందులో అనుమానం ఏం కనిపించలేదు. గాలి అడిగినవాణ్ణి కాదనే అలవాటు వాళ్లకు లేదు. వంతు తీసుకోండి అన్నాడు పెద్దాయన. మర తిరిగినప్పుడల్లా దాని సంపాదనలో మీకూ వాటా, మీ ఇళ్లకు వెలుతురు అన్నారు వాళ్లు. ముప్పై ఏళ్లకు రాసుకుందామన్నారు. ముప్పై ఏళ్లు పట్టే కుప్ప ఎక్కడుందయ్యా మీ దగ్గర అని పెద్దాయన నవ్వాడు. పేటంతా నవ్వింది. కంపెనీవాళ్లు కూడా నవ్వారు. ఎవరి నవ్వు వాళ్లది.

తర్వాత కంచె వచ్చింది. కళ్లం పేరు సైటు అయింది. పొట్టు మరకు పడదు, రెక్కల కింద మనుషులు ఉండకూడదు అన్నారు. వెలుతురు తీగలు పేట మీదుగా పట్నానికి పోయాయి. పేటలో దీపాలు మామూలే. గట్టిగా ఊదేవాడు కావాలంటే ఈలగాణ్ణి చూపించారు. పేటలో నెల జీతం వచ్చే ఇల్లు అదొక్కటే అయింది. అక్క ఇంటికీ అందులోంచే కొంత వెళ్లేది. అందుకే అతను అటు తిరిగి నిలబడగలిగేవాడు, అందుకే ఊదాడు కూడా.

*

మర ఎక్కి బోల్టులు బిగించే కార్మికుడు ఒకతను ఉన్నాడు. సన్నగా, నిలువుగా, చేతులు కాళ్లు తప్ప మరేం లేనట్టుంటాడు. నిచ్చెన అంటారు. ఈలగాణ్ణి బావా అని పిలుస్తాడు. చుట్టరికం లేదు గానీ, పైన వేలాడేవాడికి కింద ఒక బావ ఉంటే ధైర్యం అంటాడు.

గ్రీజు కంపు, తడి సాక్సుల కంపు కలిసిన రేకుల షెడ్డులో టీ తాగుతూ ఈలగాడు అడిగాడు, గాలి ఉన్నప్పుడే మర ఎందుకు ఆగుతుందని. నిచ్చెనకు ఏదైనా అడిగితే చాలు, పునాదుల దగ్గర్నుంచి మొదలుపెడతాడు. పట్నంలో కరెంటు కొనే కంపెనీ ఒకటుందట. అది బొగ్గు మండించే వాళ్లకు ముందే మాట ఇచ్చిందట, మీరు మండించినా మండించకపోయినా మీ ఖర్చు మాది అని. గాలి జోరందుకుంటే కరెంటు ఎక్కువైపోతుంది. అప్పుడు ఫోను మోగుతుంది, మర ఆపు అని. నల్లద్దాలు మీట నొక్కుతాడు.

"ఆపితే వీళ్లకు నష్టం కదా?"

"ఆ ఫోను వచ్చినప్పుడు నల్లద్దాల మొహం చూశావా బావా? ఈల పాట పాడుకుంటాడు. నష్టపోయేవాడు పాడతాడా?"

"మరి మా వాటా?"

"తిరిగితేనే మీ వాటా. ఆగితే సున్నా."

"నీ కూలి?"

నిచ్చెన గ్లాసులో మిగిలిన టీ నేల మీద పారబోశాడు. గాలి జోరుగా ఉంటే తనను పైకి ఎక్కనివ్వరు, మర ఆగితే కింద ఉండనివ్వరు, ఇంటికి పొమ్మంటారు అన్నాడు. "నడిమధ్యలో వేలాడొచ్చు. దానికి కూలి లేదట."

తన తమ్ముడు బొగ్గు గనిలో ఉన్నాడని కూడా చెప్పాడు. అక్కడి దొరలు వాడితో, గాలిమరల వల్లే నీ పని ఊడుతోందని చెబుతారు. ఇక్కడి దొరలు నిచ్చెనతో, బొగ్గువాళ్ల వల్లే నీ పని ఆగుతోందని చెబుతారు. అన్నదమ్ములిద్దరూ ఒకరి మొహం ఒకరు చూడకుండా ఒక ఏడాది గడిపారు. ఒకరోజు అమ్మ ఇద్దరినీ కూచోబెట్టి, మీ ఇద్దరి దొరలూ ఎప్పుడైనా ఇలా మాట్లాడుకోవడం మానేశారా అని అడిగింది. దాంతో ఇద్దరికీ సిగ్గేసింది.

*

వారం తిరక్కముందే కళ్లం మీద పెద్ద సభ పెట్టారు. పక్క కొమ్ముల మీద ఇప్పుడున్న మరలు చాలవట, ఇంకా వేయాలట, జనం అభిప్రాయం కావాలట. అలాంటి గాలి వీచే చోట గాలి రాకుండా నాలుగు వైపులా మందపు గుడ్డ కట్టారు. లోపల ఉక్కపోసింది. అందుకని ఫ్యాన్లు పెట్టారు. ఫ్యాన్లకు కరెంటు కావాలి, మర ఆగి ఉంది. అందుకని డీజిలు జనరేటరు తెచ్చారు. గాలిమర కింద, గాలిని కట్టేసి, డీజిలు తగలేసి, ఫ్యాను గాలి తిన్నారు. ఇది కల్పించి చెప్పే శక్తి ఎవరికీ లేదు. కోడిగుడ్డు కథ చెప్పినవాడికి కూడా లేదు.

పొగంతా బయట ఎండలో కూచున్న పేటవాళ్ల మొహాన కొట్టింది. ఈలగాడు గుడారం గుమ్మంలో నిలబడ్డాడు, ఎవరినీ లోపలికి రానివ్వొద్దని ఆజ్ఞ.

వేదిక మీద ఇద్దరు పెద్దమనుషులు. ఒకాయన కరెంటు అమ్మే కంపెనీ, ఇంకొకాయన కొనే కంపెనీ. అమ్మేవాడు గాలికి ఖరీదు లేదు కాబట్టి గాలి కరెంటంత చవక మరొకటి లేదన్నాడు. పొగ రాదు, బూడిద రాదు, మన పిల్లల ఊపిరితిత్తులు గులాబీ రేకుల్లా ఉంటాయన్నాడు. అప్పుడే జనరేటరు ఒకసారి దగ్గింది. కొనేవాడు గాలికి విలువే లేదన్నాడు. కావాల్సినప్పుడు రాదు, వద్దన్నప్పుడు ఊడిపడుతుంది, అది రానప్పటి కోసం బొగ్గును సిద్ధంగా కూచోబెట్టాలి, ఆ ఖర్చు ఎవరి నెత్తిన అన్నాడు. అమ్మేవాడు బల్ల గుద్దాడు. కొనేవాడు గ్లాసు పక్కకు జరిపి తనూ గుద్దాడు. ఇద్దరి మెడల మీదా చెమట జిడ్డు మెరిసింది. అధికారి ఒకాయన మధ్యలో కూచుని, రెండూ వినదగ్గ మాటలే అని కునికాడు.

అక్క లేచి గుమ్మం దాకా వచ్చింది. తమ్ముడు అడ్డం నిలబడ్డాడు. ఆమె అతన్ని తొయ్యలేదు, తిట్టలేదు. అతని భుజం మీదుగా లోపలికి అడిగింది.

"అయ్యా, గాలి చవకో ఖరీదో మీరు తేల్చుకోండి. గాలి ఉండగా ఆగిన మరకు మీరు కూలి ఇస్తున్నారా, లేదా?"

కొనేవాడికి కోపం ఇంకా తగ్గలేదు. అమ్మేవాడి వైపు వేలు చూపిస్తూ, అదే కదమ్మా నా ఏడుపు, తిప్పినా ఇవ్వాలి, తిప్పకపోయినా ఇవ్వాలి, ఒప్పందంలో అలా రాయించుకున్నారు వీళ్లు అనేశాడు. అమ్మేవాడు చప్పున ఆయన మోకాలి మీద చెయ్యి వేశాడు. కొనేవాడు నాలిక్కరుచుకున్నాడు. అధికారి మేలుకుని, భోజనాల వేళయిందన్నాడు.

బయట జనం ఆ మాటను ఒకరి నుంచి ఒకరికి వరస చివరిదాకా అందించుకున్నారు.

భోజనాల దగ్గర ఇద్దరు పెద్దమనుషులూ పక్కపక్కనే కూచున్నారు. అమ్మేవాడు కొనేవాడి పళ్లెంలోకి తన చేత్తో మాంసం ముక్కలు వేశాడు. కొనేవాడు ఎముక పీల్చి, దాన్ని అమ్మేవాడి పళ్లెం అంచున పెట్టాడు. మూతుల నుంచి నెయ్యి కారుతుంటే ఒకరి మాటకు ఒకరు పొట్టలు పట్టుకుని నవ్వారు. పొద్దుటి పోట్లాట ఎక్కడికి పోయిందో ఈలగాడికి కనిపించలేదు. తర్వాత నల్లద్దాలు మిగిలిన అన్నాన్ని, నంజి వదిలేసిన వాటితో సహా, పొట్లాలు కట్టించి జనానికి పంచమన్నాడు. ఈలగాడు పొట్లాలు పట్టుకుని వరస వెంట నడిచాడు. ఒక్క చెయ్యి చాచలేదు. ముసలివాళ్లు చాచలేదు, చంటిపిల్లల తల్లులు చాచలేదు. చివర అక్క. ఆమె పొట్లం కేసి కాదు, మోస్తున్న చేతుల కేసి చూసింది.

అతను పొట్లాలు కంచె పక్కన పెట్టి, కొండ వెనక్కి వెళ్లి కక్కుకున్నాడు.

*

మబ్బులు పట్టడం మొదలైంది. ఇళ్లల్లో నూర్చిన జొన్నలు పొట్టుతోనే పోగులు పడి ఉన్నాయి. పొట్టుకు చెమ్మ తగిలితే వేడెక్కుతుంది. అక్క ఇంట్లో కుప్పలో చెయ్యి పెడితే జ్వరం వచ్చిన ఒంటిలా ఉంది. ఒక మూల ముక్కిన వాసన మొదలైంది. పేట మొత్తానికి ఏడాది తిండి అది. ఇంకొక మంచి గాలి పూట దొరక్కపోతే అది ఎరువు.

అక్క వాకిట్లో పేటంతా చేరింది. మర కార్మికులు కూడా వచ్చారు, నిచ్చెన ముందు. ఈలగాడు గోడ పక్కన నిలబడ్డాడు. అతన్ని ఎవరూ రమ్మనలేదు, పొమ్మనలేదు.

కుర్రాళ్లు మర కూల్చేద్దామన్నారు. ఈ గాలిమరలు వచ్చాకే దరిద్రం పట్టింది అన్నారు. నిచ్చెన లేచాడు. ఎప్పుడూ పునాదుల నుంచి మొదలుపెట్టేవాడు ఆ రోజు శిఖరం మీదికి నేరుగా ఎక్కేశాడు.

"రెక్కల మీద కోపం దేనికిరా? అదీ మనలాంటి కూలీయే. తిరగమంటే తిరుగుతుంది, ఆగమంటే ఆగుతుంది. దాన్ని నరికితే ఏడిచేది మనం. వాడు ఆగినదానికే డబ్బు తీసుకుంటున్నవాడు, కూలినదానికి తీసుకోడా?"

కుర్రాడొకడు, నువ్వు వాళ్ల జీతగాడివి కాబట్టి అలా అంటావన్నాడు. నిచ్చెన చొక్కా పైకెత్తి, తాళ్లు కోసుకుపోయిన పక్కటెముకలు చూపించాడు. ఇదీ నా జీతం, మోస్తావా అన్నాడు. కుర్రాడు తల దించుకున్నాడు. పిల్లల్ని చదివించే మాస్టారు, అర్జీ పెడదామన్నాడు. ఎవరికి పెడతారు మాస్టారూ, ఆ కునికినాయనకేనా అని ఒకావిడ అడిగింది. జనం నవ్వారు. మాస్టారూ నవ్వాడు.

మూల కూచున్న పెద్దాయన నెమ్మదిగా అన్నాడు, తప్పంతా తనదేనని. వాళ్లడిగింది వంతు అనుకున్నాను, వాళ్లు తీసుకుంది కొండ అన్నాడు.

అప్పుడు అక్క అంది. "నువ్విచ్చింది వంతే మావా. మన దగ్గర ఇవ్వడానికి ఇంకోటి లేదు. వంతుగా ఇచ్చాం. గాలి ఉండగా చేట దించినవాడి వంతు ఏమవుతుంది?"

పెద్దాయన తలెత్తాడు. చుట్ట ముట్టించుకోబోయి వరస చివరికి వెళ్లి కూచున్న మనిషి. ఆ ప్రశ్నకు జవాబు ఆయన కంటే బాగా తెలిసినవాళ్లు లేరు.

"పోతుంది," అన్నాడు.

"వెనకవాళ్లం ఎవరం?"

వాకిలి మొత్తం కదిలింది. ఆ తర్వాత మాటలు వాటంతట అవే దొర్లాయి. మర తిరుగుతున్నంతసేపు దాని జోలికి పోవద్దు. ఆగిన పూట కళ్లం మనది. ఆగినదానికి వాడు తీసుకునేదాంట్లో మనకూ వాటా, మర ఎక్కేవాళ్లకు కూలి. పేట మీదుగా పోయే తీగలోంచి పేటకు వెలుతురు. గాలి మంచిదా చెడ్డదా అన్నది వాళ్లిద్దరి భోజనాల దగ్గరి కబుర్లు. మనం తేల్చుకోవాల్సింది గాలి ఎవరి చేతిలో ఉందన్నది. బొగ్గు గని తమ్ముడికి కూడా ఈ మాట చేరవేస్తానన్నాడు నిచ్చెన, వాడి దొరకూ మన దొరకూ పళ్లెం ఒకటేనని.

జనం వెళ్లిపోతుంటే ఈలగాడు అక్క దగ్గరికి వచ్చాడు. ఏదో చెప్పబోయాడు. ఆమె పొట్టు అంటిన చేతులు దులుపుకుంది.

"నీ పని నువ్వు చెయ్యిరా. గేటు దగ్గర నిలబడి ఊదు. మేమైతే వస్తాం," అంది. తిట్టి ఉంటే తేలికపడేవాడు.

*

రెండు రోజులు గాలి లేదు. మర దాని మానాన అది సోమరిగా తిరిగింది. కంపెనీకి విషయం ఎలాగో తెలిసినట్టుంది, గేటు దగ్గర పోలీసు వ్యాను ఒకటి వచ్చి నిలబడింది. పోలీసులు నీడలో కూచుని పేకాడారు. నల్లద్దాలు మాత్రం కళ్లం మీదే కుర్చీ వేయించుకుని పండ్లు తింటూ కూచున్నాడు. తొక్కలన్నీ కళ్లం నిండా పారేశాడు. ఈగలు ముసిరాయి. ఆ నేల మీద చెప్పులతో ఎవరూ నడిచి ఎరగరు. నల్లద్దాలు ఉమ్మిన చోట ఈలగాడి కళ్లు ఆగిపోయేవి.

మూడో నాటి పొద్దెక్కాక ఫోను మోగింది. నల్లద్దాలు ఊఁ, ఊఁ అన్నాడు. నవ్వుకున్నాడు. ఈల పాట పాడుకుంటూ వెళ్లి మీట నొక్కాడు. రెక్కలు ఒళ్లు తిప్పుకుని ఆగాయి.

కళ్లం మీద ఇంకా గాలి లేదు. గాలి వస్తోందని దూరాన కొలిచేవాళ్లకు ముందే తెలిసిందన్నమాట. ఈలగాడు కొమ్ము అంచు దాకా నడిచాడు. ఎందుకు నడిచాడో అతనికే తెలియదు. ఎదుటి వాలు మీద గడ్డి మొదట పైన కదిలింది. తర్వాత నడుమ, దువ్వెన దిగినట్టు, వెండి మెరుపుతో పడుకోవడం మొదలుపెట్టింది. నాన్న ఇక్కడే కూచునేవాడు. ఆయన కాళ్లు పెట్టిన చోట రాయి ఇంకా నున్నగానే ఉంది.

కింద పేట బాటలో గంపలు బయల్దేరాయి. ఒకటి కాదు, బాట కనిపించనన్ని.

"చూస్తావేంరా, ఊదు," అని నల్లద్దాలు కుర్చీలోంచి కేకేశాడు. "వచ్చేస్తున్నారు."

ఈలగాడు ఈలను చొక్కాకు తుడుచుకున్నాడు. బాగా తుడుచుకున్నాడు.

ఒక పొడుగుది. ఒక పొట్టిది. మళ్లీ పొడుగుది.

బాటలో గంపలు ఒక్క క్షణం ఆగాయి. తర్వాత పరుగందుకున్నాయి. నిచ్చెనా, అతని తోటివాళ్లూ షెడ్డులోంచి వచ్చి గేటు రెండు రెక్కలూ బార్లా తెరిచారు. తాళంచెవి ఒకటి వాళ్ల దగ్గరా ఉంటుంది, ఎవరూ అడగలేదు అంతే. పోలీసులు పేకముక్కలు ఏరుకునేలోపే కళ్లం నిండిపోయింది. ముసలివాళ్లు తొక్కలు ఊడ్చి అవతల పారేశారు. కుప్పలు వరసగా దిగాయి. చేటలు లేచాయి.

గాలి తగిలింది.

ఆ పూట లేచిన పొట్టును చూసినవాళ్లు ఇంకా చెప్పుకుంటారు. మబ్బు కిందికి దిగి కొండను కప్పిందనుకున్నారట పక్క పేటలో. పొట్టు పోలీసుల కాలర్లలోకి పోయింది, వ్యాను ఇంజనులోకి పోయింది. లాఠీలు ఎత్తినవాళ్లు వాటితో వీపులు గోక్కున్నారు. నల్లద్దాలు అరవడానికి నోరు తెరిచిన ప్రతిసారీ గుప్పెడు పొట్టు మింగాడు. జీవితంలో మొదటిసారి అద్దాలు తీశాడు. లోపల కళ్లున్నాయి, మామూలు కళ్లే, ఎర్రగా, భయంగా.

మధ్యలో ఎవరూ చేట దించలేదు. పోలీసొకడు చెయ్యి పట్టుకుని లాగితే అక్క రెండో చేత్తో చేట ఎత్తింది. పెద్దాయన చుట్ట లేకుండా తన కుప్ప దగ్గర నిలబడ్డాడు. ఈలగాడు అంచున నిలబడి, గాలి తగ్గబోతే ఆపమనీ, పుంజుకోబోతే ఎత్తమనీ ఊదుతూనే ఉన్నాడు. నోట్లో ఇన్నాళ్లూ ఉన్న ఆ కుళ్లు రుచి ఎప్పుడు పోయిందో చూసుకోలేదు.

ఆఖరి కుప్ప సగంలో ఉండగా గాలి పడిపోయింది. పొట్టు నేలకు దిగింది. జొన్నలు కాళ్ల దగ్గర తెల్లగా, శుభ్రంగా రాశులు పోసి ఉన్నాయి.

పోలీసులు అప్పుడు పట్టుకున్నారు. నిచ్చెన చేతులు వెనక్కి విరిచారు. ఈలగాణ్ణి అంచు నుంచి ఈడ్చుకొచ్చారు. నల్లద్దాలు వచ్చి అతని చెంప మీద కొట్టాడు. మెళ్లో ఈల పట్టి తెంపాడు. తాడు మెడను కోసింది. నల్లద్దాలు దాన్ని లోయలోకి విసిరేశాడు.

"ఇక ఎలా పిలుస్తావో చూస్తా," అన్నాడు.

అక్క వ్యాను దాకా వచ్చింది. తమ్ముడి మెడ మీద రక్తాన్ని పైట కొంగుతో అద్దింది. పొట్టు గుచ్చుకుని అతని కళ్లు నీళ్లు కారుతున్నాయి. "నీ వంతు అయింది, పోయిరా," అంది. "ఇక్కడ సగం కుప్ప ఉంది. మేం దిగం."

వ్యాను కొండ దిగింది. నిచ్చెన ఒళ్లు గోక్కుంటూ, జైల్లో నిచ్చెనలు ఉండనివ్వరేమో బావా అన్నాడు. ఈలగాడు నవ్వబోయి ఆగాడు. కిటికీ ఊచల్లోంచి ఎదుటి వాలు కనిపించింది. గడ్డి మళ్లీ పైన కదిలింది. నడుమకు దిగుతోంది. కళ్లం మీద వాళ్లకు ఎలా తెలుస్తుంది, ఎవరు చెబుతారు అని అతను ఊచలు పట్టుకుని లేచాడు.

పైనుంచి ఈల వినిపించింది. ఇత్తడి ఈల కాదు. నోట్లో రెండు వేళ్లు పెట్టి వేసింది, గరుగ్గా, కొంచెం తప్పుగా. పొడుగు, పొట్టి, పొడుగు. అది అక్కది. దాని మీద ఇంకొకరిది. తర్వాత ఎవరిది ఏదో తెలియనన్ని.

పోలీసు డ్రైవరు వ్యాను ఆపి తల బయట పెట్టాడు. ఎక్కడినుంచిరా అది అన్నాడు.

అప్పటికి అది పక్క కొమ్ము మీద మోగుతోంది. ఆ కొమ్ము మీదా ఒక మర ఆగి ఉంది.